మంటలోకి ఆవిరి పంపితే పొగ ఎలా శుభ్రమవుతుంది? గ్యాస్ టర్బైన్ మీద ఒక సందేహం

గుణుపురం_మెకానికల్ | గుణుపురం, రాయగడ జిల్లా | ఆదివారం, రాత్రి 8:40

అందరికీ నమస్కారం. ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. గురువారం నా సెమినార్. గ్యాస్ టర్బైన్ (గ్యాస్ కాల్చిన వేడి వాయువులతో బ్లేడ్లు తిరిగే యంత్రం) మంటలోకి నీటి ఆవిరి పంపి కాలుష్యం తగ్గించడం గురించి మాట్లాడతానని నేనే పేరు ఇచ్చాను. ఇచ్చిన దగ్గర్నుంచీ టెన్షన్. మా పుస్తకంలో దీని మీద రెండే వాక్యాలున్నాయి: ఆవిరి పంపితే నాక్స్ (నైట్రోజన్ ఆక్సైడ్లు అనే కాలుష్యం) తగ్గుతుంది, పవర్ పెరుగుతుంది. ఎందుకు అన్నది లేదు.

నిన్న వాన పడి కట్టెలు తడిశాయి. అమ్మ పెరట్లో నీళ్ళ పొయ్యి వెలిగిస్తే ఇల్లంతా పొగ. నాకు అక్కడే చిక్కు వచ్చిపడింది. నీరు తగిలితే మంట పొగలే కక్కుతుంది కదా, మరి టర్బైన్‌లో నీరు మంటను శుభ్రం ఎలా చేస్తుంది? మా సార్ ఈ ప్రశ్నే అడిగితే నా దగ్గర జవాబు లేదు. తెలిసిన పెద్దవాళ్ళు చెప్పండి.

బరంపురం_టీచరమ్మ | బరంపురం, గంజాం జిల్లా | ఆదివారం, రాత్రి 9:25

బాబూ, నీ ప్రశ్న చాలా మంచిది. కెమిస్ట్రీ చెప్పేదాన్ని కాబట్టి ఆ వైపు నుంచి మొదలుపెడతాను.

పొగ అని మనం ఒకే మాట వాడతాం కానీ అందులో రెండు వేరు వేరు సంగతులున్నాయి. ఒకటి సరిగా కాలక మిగిలిపోయింది: మసి, కార్బన్ మోనాక్సైడ్. అమ్మ పొయ్యిలో వచ్చింది అదే. తడి కట్టెలోని నీరు ఆవిరి కావడానికి వేడంతా లాగేసుకుంటుంది, కట్టె నుంచి వచ్చిన వాయువులు అంటుకునేంత వేడి దొరక్క అలాగే బయటికి వచ్చేస్తాయి. వేడి తక్కువై వచ్చే పొగ అది.

నాక్స్ దీనికి పూర్తిగా ఎదురు. అది వేడి ఎక్కువై పుడుతుంది. గాలిలో 78 శాతం నైట్రోజన్. మామూలుగా అది దేనితోనూ కలవదు, దాని రెండు పరమాణువుల మధ్య మూడు బంధాలుంటాయి, విడగొట్టడం కష్టం. మంట సుమారు 1500 డిగ్రీలు దాటితే మాత్రం మంటలోని ఆక్సిజన్ పరమాణువులు ఆ బంధాన్ని తెంచి నైట్రిక్ ఆక్సైడ్ తయారుచేయడం మొదలుపెడతాయి. ఈ చర్య నడిచే తీరును వివరించినవాడు సోవియట్ శాస్త్రవేత్త జెల్దోవిచ్. అందుకే పుస్తకాల్లో ఆయన పేరుతోనే ఉంటుంది. ఇందులో గుర్తుపెట్టుకోవలసింది ఒకటే: వేడికీ దీనికీ ఉన్న సంబంధం సరళరేఖ కాదు. ఆ స్థాయి మంటలో వంద డిగ్రీలు తగ్గిస్తే నాక్స్ పుట్టే వేగం సగానికి పైగా పడిపోతుంది.

ఆవిరి చేసేది అదే, మంట శిఖరాన్ని కాస్త కిందికి దించుతుంది. ఆవిరికి వేడి పట్టే గుణం గాలికన్నా సుమారు రెట్టింపు. పైగా అది మంటలోని ఆక్సిజన్ పరమాణువులను కూడా కొంత హైడ్రాక్సిల్‌గా (ఆక్సిజన్, హైడ్రోజన్ జంట) మార్చేస్తుంది, నైట్రోజన్ బంధం తెంచే చేతులు తగ్గుతాయి.

కాబట్టి ఆవిరి పొగను కడగడం లేదు నాన్నా. పొగ పుట్టకుండా చూస్తోంది. సెమినార్‌లో 'కడగడం' అన్న మాట రానీయకు.

గోదావరి_టర్బైన్ | రాయగడ | ఆదివారం, రాత్రి 10:50

టీచరమ్మ గారు మూలం చెప్పేశారు. నేను యంత్రం వైపు నుంచి చెబుతాను. గోదావరి జిల్లాల్లో గ్యాస్ పవర్ ప్లాంట్‌లో కంట్రోల్ రూమ్‌లో పనిచేసి రిటైరై, మా ఆవిడ పుట్టిల్లని రాయగడలో స్థిరపడ్డాను.

పాత రకం కంబస్టర్‌లో (మంట మండే గదిలో) గ్యాస్, గాలి వేరు వేరుగా వచ్చి మంట దగ్గరే కలుస్తాయి. కలిసే ఆ పొర మీద మాత్రం మంట రెండు వేల డిగ్రీల పైమాటే. తర్వాత చుట్టూ చల్లగాలి కలిపి, బ్లేడ్లు తట్టుకునేలా పదకొండు పన్నెండు వందలకు దింపి టర్బైన్‌కు పంపుతాం. అంటే బయటికి కనిపించే ఉష్ణోగ్రత చూసి మోసపోకూడదు. నాక్స్ అంతా ఆ మంట తోలు మీద, కొన్ని మిల్లీసెకన్లలో పుడుతుంది. ఆవిరిని ఎక్కడో కలిపితే లాభం లేదు, సరిగ్గా అక్కడికే, ఫ్యూయల్ నాజిల్ పక్కనుంచే పంపాలి.

లెక్కలు రాసుకో. గ్యాస్ మీద ఏ అదుపూ లేకుండా నడిపితే పాత యంత్రాల్లో నాక్స్ 150 నుంచి 250 పీపీఎం (పొగలో పది లక్షల పాళ్ళకు ఇన్ని పాళ్ళు) ఉండేది. నీరు గానీ ఆవిరి గానీ పంపితే 42కి, బాగా పంపితే 25కి వచ్చేది. నీరైతే ఇంధనం బరువుతో సమానంగానో కాస్త తక్కువగానో సరిపోతుంది. ఆవిరైతే ఒకటిన్నర, రెండు రెట్ల దాకా కావాలి, ఎందుకంటే అది ముందే ఆవిరి, మంట దగ్గర మరిగే పని మిగల్లేదు కాబట్టి తక్కువ వేడి లాగుతుంది.

మరి నీరే పోసేస్తే పోలేదా అంటావు. కిలో నీరు గది వేడి నుంచి మరిగి ఆవిరి కావడానికి సుమారు 2.6 మెగాజౌళ్ళు తింటుంది. కిలో గ్యాస్ ఇచ్చేది 49 దగ్గర. సమాన బరువు నీరు పోస్తే ఇంధనం వేడిలో ఐదు శాతం నీళ్ళు మరిగించడానికే పోయింది. ఆవిరి అలా కాదు. టర్బైన్ వెనక నుంచి ఐదు వందల డిగ్రీలతో ఊరికే పోయే వేడితో బాయిలర్‌లో దాన్ని కాచుకుంటాం. పోయే వేడిని పట్టి తిరిగి మంటలోకి తెచ్చినట్టు. అందుకే పవర్ పెరుగుతుంది, యూనిట్ కరెంటుకు ఇంధనం ఖర్చూ తగ్గుతుంది.

సునాబేడ_ఫిట్టర్ | సునాబేడ, కొరాపుట్ జిల్లా | సోమవారం, ఉదయం 6:15

తమ్ముడూ, మాది మిగ్ యుద్ధవిమానాల ఇంజన్లు తయారైన ఊరు. ముప్పై ఏళ్ళు టర్బైన్ బ్లేడ్లే చేతిలో పట్టుకున్నాను. నీటి గురించి విమానాల సంగతి ఒకటి చెప్పాలి, నీ సెమినార్‌కు పనికొస్తుంది.

అమెరికా వాళ్ళ పాత బీ-52, కేసీ-135 విమానాలు గాల్లోకి లేచేటప్పుడు ఇంజన్‌లోకి నీరు చిమ్మేవారు. కేసీ-135లో సుమారు రెండున్నర వేల లీటర్ల నీరు రెండు నిమిషాల్లో అయిపోయేది. అవి లేస్తున్న ఫొటోలు వెతికి చూడు, వెనక కాటుకలా నల్లటి పొగ! నీరు పోశారు, పొగ పెరిగింది. ఎందుకంటే వాళ్ళు పోసింది శుభ్రత కోసం కాదు, బలం కోసం. నీటితో గాలి చల్లబడి బరువెక్కుతుంది, ఇంకా ఎక్కువ ఇంధనం పోయవచ్చు, థ్రస్ట్ (ముందుకు తోసే బలం) వస్తుంది. ఆ హడావుడిలో ఇంధనం సరిగా కాలదు.

కాబట్టి నీరు తగిలితే శుభ్రం అని రాయకు. ఎక్కడ, ఎంత, ఎందుకు అన్నది రాయి. మా అయ్య కొలిమి దగ్గర బొగ్గుల మీద నీళ్ళు చిలకరించేవాడు. మంట మధ్యలో కాదు, అంచుల మీద. నిప్పు విచ్చలవిడిగా పాకకుండా ఇనుముకు కావలసిన చోటే వేడి నిలవాలని. నడిమధ్య పోస్తే కొలిమే చల్లారుతుంది. చిన్నప్పుడు తిట్లు తిని నేర్చుకున్నది, తర్వాత వర్క్‌షాప్‌లో అర్థమైంది.

గుణుపురం_మెకానికల్ | సోమవారం, మధ్యాహ్నం 1:05

పెద్దలందరికీ దండాలు. నిన్న రాత్రి నిద్ర పట్టింది.

టీచరమ్మ గారూ, మా రూమ్మేట్ ఒక మాట అన్నాడు. "ఆవిరి కలిపితే పొగ పరిమాణం పెరుగుతుంది కదా, పీపీఎం అంకె తగ్గినట్టు కనిపించడం అందుకేనేమో, పాలలో నీళ్ళు కలిపినట్టు" అని. నాకు జవాబు తోచలేదు.

బాబాయ్ గారూ, రెండు రెట్ల ఆవిరి మంచిదైతే నాలుగు రెట్లు పంపితే నాక్స్ సున్నా అవుతుందా?

బరంపురం_టీచరమ్మ | సోమవారం, సాయంత్రం 5:30

మీ రూమ్మేట్‌కు నా ఆశీస్సులు. అంత తెలివైన అనుమానం మా క్లాసులో ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

కొలిచేవాళ్ళకు ఈ మోసం ముందే తెలుసు. అందుకే పొగలోని తేమ తీసేసి, పొడి వాయువులోనే కొలుస్తారు. ఆవిరి ఎంత కలిపినా ఆ లెక్కలోకి రాదు. చిమ్నీలోకి ఊరికే గాలి వదిలి పలచన చేసే దారి కూడా మూసేశారు: పొగలో ఆక్సిజన్ 15 శాతం ఉన్నట్టు సరిచేసి అంకె చెప్పాలి. అమెరికాలో 1979లో గ్యాస్ టర్బైన్లకు మొదటి హద్దు 75 పీపీఎం దగ్గర పెట్టినప్పుడు కూడా ఈ 15 శాతం నియమంతోనే పెట్టారు. ఆ హద్దు వచ్చాకే నీరు, ఆవిరి పంపడం అక్కడ మామూలు పద్ధతి అయింది. తగ్గిన అంకె నిజంగా తగ్గిందే.

గోదావరి_టర్బైన్ | సోమవారం, రాత్రి 9:40

నాలుగు రెట్లు పంపితే నీ అమ్మ తడి కట్టెలు అక్కడ ప్రత్యక్షమవుతాయి, నాయనా. నీ మొదటి ప్రశ్నకు అసలు జవాబు ఇదే.

కంట్రోల్ రూమ్‌లో మా ముందు రెండు అంకెలు ఉండేవి. ఒకటి నాక్స్, రెండోది కార్బన్ మోనాక్సైడ్. ఆవిరి పెంచుతూ పోతే నాక్స్ దిగుతుంది. కొంతదూరం రెండోది కదలదు. ఒక చోటు వస్తుంది, అక్కడి నుంచి కార్బన్ మోనాక్సైడ్ లేవడం మొదలవుతుంది, మొదట నెమ్మదిగా, తర్వాత ఒక్కసారిగా. మంట చల్లబడి గ్యాస్ పూర్తిగా కాలడం లేదని అర్థం. ఇంకా పెంచితే కంబస్టర్ హోరుమంటుంది. మంట ఒక లయలో ఊగుతుంది, ఆ ఊపుకు లైనర్ (కంబస్టర్ లోపలి గోడ) పలకలు అదురుతాయి, పగుళ్ళు వస్తాయి. ఆవిరి పంపే యంత్రాలకు లైనర్ తనిఖీలు తొందర తొందరగా చేయవలసి వచ్చేది. దాన్నీ దాటితే మంట ఆరిపోయి యంత్రం ట్రిప్ అవుతుంది, అంటే దానంతటదే ఆగిపోతుంది. లోడ్ (తీసే కరెంటు) తగ్గించే వేళ ఇంకా జాగ్రత్త కావాలి. ఇంధనం తగ్గిన వెంటనే ఆవిరీ తగ్గాలి, వెనకబడితే మంట పోతుంది.

కాబట్టి శుభ్రమైన మంట అంటే రెండు కీడుల మధ్య సన్నని గట్టు. ఒక పక్క వేడెక్కువ, ఒక పక్క వేడి తక్కువ. ఆవిరి మనిషిని ఆ గట్టు మీదికి తీసుకొస్తుంది, అక్కడ నిలబడడం మాత్రం ఆపరేటర్ పని.

ఇంకో సంగతి, ఎవరూ పుస్తకంలో రాయనిది. ఆవిరికి కావలసింది మామూలు నీరు కాదు. ఉప్పు చుక్క కూడా లేని డీఎం (ఖనిజాలు తీసేసిన) నీరు. నేను పనిచేసిన ఒకచోట (పేరు వద్దు) ఒక రాత్రి షిఫ్ట్‌లో డీఎం ప్లాంట్‌లో ఉప్పును పట్టే రెజిన్ శక్తి అయిపోయింది. నీటిలో ఉప్పు చూపే కండక్టివిటీ మీటర్ చెడి ఉంది, బాగుచేయమని రాసిన చీటీ వారం నుంచి బల్ల మీద ఉంది. మేం ఆ మీటర్ చూసి నీరు బాగానే ఉందనుకున్నాం. తెల్లారి ల్యాబ్ వాళ్ళు నమూనా తీస్తే సోడియం. ఎన్ని గంటలు వెళ్ళిందో ఎవరికీ తెలియదు. కొన్ని నెలలకు బోరోస్కోప్ (యంత్రం లోపల చూసే సన్నని గొట్టం) పెట్టి చూస్తే మొదటి వరస బ్లేడ్ల మీద పచ్చటి మచ్చలు, పొక్కులు. ఆ రోజు షిఫ్ట్‌లో నేనున్నాను. చీటీ బల్ల మీద ఉందని తెలిసీ గట్టిగా అడగలేదు. ఇప్పటికీ బాధ.

సునాబేడ_ఫిట్టర్ | సోమవారం, రాత్రి 10:30

అన్నా, మీ బాధ నాకు అర్థమవుతుంది, ఆ మచ్చలు నా చేతులతో తడిమినవాణ్ణి. సోడియం, ఇంధనంలోని గంధకం కలిసి సోడియం సల్ఫేట్ అవుతుంది. అది 884 డిగ్రీలకు కరుగుతుంది. బ్లేడ్ మీద కరిగిన ఉప్పు పొరలా అంటుకుని, నికెల్ లోహాన్ని కాపాడే ఆక్సైడ్ తొడుగును తినేస్తుంది. తొడుగు పోయాక లోపలి లోహం చెదపట్టిన దుంగలా గుల్లవుతుంది. పైకి ఆకారం ఉంటుంది, గోరుతో గీస్తే రాలుతుంది. సముద్రం ఒడ్డున తిరిగిన ఇంజన్లలోనూ ఇదే చూశాం.

తమ్ముడూ, ఒక స్లయిడ్ దీనికి కేటాయించు. నాక్స్ తగ్గించిన యంత్రం నీటి వల్ల పాడైతే ఆ శుభ్రతకు విలువ లేదు.

రాయగడ_మిల్లువీధి | రాయగడ | మంగళవారం, ఉదయం 7:50

నేను ఇంజనీర్‌ను కాదు, ఇల్లు చూసుకునేదాన్ని. మా వీధి నుంచి బొగ్గు బాయిలర్ చిమ్నీ కనిపిస్తుంది. మా అబ్బాయికి ఉబ్బసం. ఇదంతా చదివాక అడగాలనిపించింది: ఆ చిమ్నీకి కూడా ఇలా ఆవిరి పెడితే మాకు మేలు జరుగుతుందా?

బరంపురం_టీచరమ్మ | మంగళవారం, ఉదయం 9:10

అమ్మా, మీ అబ్బాయి త్వరగా కోలుకోవాలి. ఉన్నది ఉన్నట్టు చెబుతాను, ఇది బొగ్గుకు పనికిరాదు. గ్యాస్‌లో నైట్రోజన్ దాదాపు ఉండదు, నాక్స్ అంతా గాలిలోని నైట్రోజన్ నుంచి వేడి వల్ల వచ్చేదే. బొగ్గులో మాత్రం నైట్రోజన్ బొగ్గుతోనే పుట్టి ఉంటుంది. తక్కువ వేడిలోనూ అది నాక్స్ అవుతుంది. ఆవిరి దాన్ని పెద్దగా ఆపలేదు. పైగా మీ అబ్బాయి ఊపిరికి ముఖ్యంగా ఇబ్బంది బూడిద ధూళి, గంధకం. వాటికి వేరే సాధనాలున్నాయి: ధూళిని కరెంటుతో పట్టే ఈఎస్‌పీ, గంధకాన్ని సున్నపురాయితో పట్టే పద్ధతి. చిమ్నీ పొగ మీద అనుమానం ఉంటే ఒడిశా కాలుష్య నియంత్రణ మండలికి రాతపూర్వకంగా ఇవ్వండి. ఉత్తరం రాయడానికి సాయం కావాలంటే ఒడియాలో నేను రాసిపెడతాను, నాకు మెసేజ్ పంపండి.

పర్లాకిమిడి_వంశధార | పర్లాకిమిడి, గజపతి జిల్లా | మంగళవారం, రాత్రి 8:20

అందరూ మంట గురించే మాట్లాడుతున్నారు. నేను రైతును, నాకు నీటి గురించే దిగులు. ఆ ఆవిరి మళ్ళీ నీరుగా తిరిగి వస్తుందా, చిమ్నీలో పోతుందా? ఒక ప్లాంట్‌కు రోజుకు ఎంత కావాలి?

గోదావరి_టర్బైన్ | మంగళవారం, రాత్రి 10:15

అన్నా, అడగవలసిన ప్రశ్న అడిగారు. పోతుంది. మామూలు స్టీమ్ టర్బైన్‌లో ఆవిరి కండెన్సర్‌లో చల్లబడి మళ్ళీ బాయిలర్‌కు వస్తుంది. మంటలోకి పంపిన ఆవిరి మాత్రం పొగతో పాటు చిమ్నీ దాటి పోతుంది.

లెక్క వేద్దాం. 30 మెగావాట్ల టర్బైన్, ఇంధనం వేడిలో 33 శాతం కరెంటు అవుతుందనుకుందాం. అప్పుడు 91 మెగావాట్ల వేడి కావాలి. అంటే సెకనుకు 1.85 కిలోల గ్యాస్, గంటకు ఆరున్నర టన్నుల పైచిలుకు. ఒకటిన్నర రెట్ల ఆవిరి అంటే గంటకు 10 టన్నులు. రోజుకు 240 టన్నులు, రెండు లక్షల నలభై వేల లీటర్లు. డీఎం ప్లాంట్‌లో కడుగులకు పోయేది దీనికి అదనం.

జల్ జీవన్ మిషన్ మనిషికి రోజుకు 55 లీటర్లు అంటోంది. ఆ లెక్కన ఇది 4,360 మంది తాగే, వాడే నీరు.

అది చిన్న యంత్రానికి. 1970లలో దా యు చెంగ్ అనే ప్రొఫెసర్ కాలిఫోర్నియాలో పోయే వేడితో కాచిన ఆవిరినంతా టర్బైన్‌లోకే తోసే పద్ధతికి పేటెంట్ తీసుకున్నారు. తర్వాత జీఈ (జనరల్ ఎలక్ట్రిక్) వాళ్ళ ఎల్ఎం5000 యంత్రం ఇలాంటి దారిలోనే సుమారు 34 మెగావాట్ల నుంచి 50 దగ్గరికి వెళ్ళింది. అద్భుతమైన పని. కానీ దేశమంతా ఎందుకు పాకలేదంటే, నా అనుభవంలో మొదటి కారణం ఈ నీరే.

పర్లాకిమిడి_వంశధార | మంగళవారం, రాత్రి 10:40

లెక్క విడమరిచి చెప్పినందుకు సంతోషం. ఎండాకాలంలో గుణుపురం దగ్గర వంశధార చూసిన ఎవరికైనా ఆ 4,360 అంకె గుండెకు తగులుతుంది. ఇసుక మధ్య సన్నని పాయ.

గుణుపురం_మెకానికల్ | బుధవారం, ఉదయం 6:30

మరి ఇప్పుడు కొత్త టర్బైన్లు ఏం చేస్తున్నాయి? ఆవిరి పద్ధతి పాతబడిపోయిందా? నా టాపిక్ చచ్చిన టాపికా?

సునాబేడ_ఫిట్టర్ | బుధవారం, ఉదయం 7:20

చావలేదు. 1990ల నుంచి గ్యాస్‌ను, ఎక్కువ గాలిని మంటకు ముందే బాగా కలిపి పలచగా కాల్చే పద్ధతి వచ్చింది. డ్రై లో నాక్స్ అంటారు. నీరు అక్కర్లేదు, 25 పీపీఎం, మంచి యంత్రాల్లో 9 కూడా వస్తుంది. అదే గెలిచింది. అయితే అవే యంత్రాలు డీజిల్ మీద నడిచేటప్పుడు చాలావాటికి ఇప్పటికీ నీరు పంపుతారు. ముందే కలిపితే డీజిల్ దానంతటదే అంటుకునే ప్రమాదం ఉంది కాబట్టి.

ఇంకా రెండు చోట్ల ఆవిరి మళ్ళీ లేస్తోంది. ఒకటి హైడ్రోజన్. దాని మంట మీథేన్ మంటకన్నా ఎన్నో రెట్లు వేగంగా పాకుతుంది, నాజిల్‌లోకి వెనక్కి ఎగబాకుతుంది. ఆవిరి కలిపితే ఆ వేగం తగ్గుతుంది, వేడీ తగ్గుతుంది. రెండోది విమానం. ఎంటీయూ, ప్రాట్ అండ్ విట్నీ అనే ఇంజన్ కంపెనీల వాళ్ళు ఇంజన్ పొగలోని నీటినే చల్లబరిచి పట్టి, దాన్ని ఆవిరి చేసి తిరిగి మంటలోకి పంపే ఇంజన్ల మీద పరిశోధన చేస్తున్నారు. వంశధార అన్నగారి ప్రశ్నకు అది ఒక జవాబు: వాడిన నీరు వదిలేయకుండా పట్టుకోవడం. ఇంధనంలోని హైడ్రోజన్ కాలితే నీరే పుడుతుంది, బయటి నుంచి తేనక్కర్లేదు. దాన్ని పట్టే కండెన్సర్ బరువు మోయడమే ఇప్పుడు కష్టం.

నా మాట విను. చివరి స్లయిడ్ దీని మీద పెట్టు. ఈ పని నీ తరం వాళ్ళే చేయాలి.

గుణుపురం_మెకానికల్ | గురువారం, సాయంత్రం 6:10

సెమినార్ అయిపోయింది. మొదటి స్లయిడ్‌గా అమ్మ పొయ్యి ఫొటో పెట్టాను. వేడి తక్కువ పొగ, వేడి ఎక్కువ పొగ అని రెండుగా విడదీశాకే టర్బైన్‌లోకి వెళ్ళాను. సార్ నిజంగానే తడి కట్టెల ప్రశ్న వేయబోయి, స్లయిడ్ చూసి ఆగిపోయారు. నీటి లెక్క బోర్డు మీద వేసినప్పుడు మొత్తం క్లాసు నిశ్శబ్దంగా ఉంది. మా రూమ్మేట్ పొడి వాయువు ప్రశ్న కావాలనే అడిగాడు, జవాబు చెప్పాను. ఒక ప్రశ్నకు మాత్రం తడబడ్డాను: ఆవిరి, ఇంధనం నిష్పత్తి బరువు లెక్కా, ఘనపరిమాణం లెక్కా అని మేడమ్ అడిగారు. ఘనపరిమాణం అనేశాను.

గోదావరి_టర్బైన్ | గురువారం, రాత్రి 9:00

బరువు లెక్క. మేడమ్ దగ్గరికి రేపే వెళ్ళి సరిదిద్ది చెప్పిరా. వచ్చే ఆదివారం రాయగడ వస్తే మా ఇంటికి రా, పాత లాగ్ షీట్లు కొన్ని దాచుకున్నాను. నాక్స్, కార్బన్ మోనాక్సైడ్ పక్కపక్కన రాసినవి. ఆవిరి పెంచినకొద్దీ ఒకటి దిగి రెండోది ఎక్కడ లేచిందో గంట గంటకూ కనిపిస్తుంది.